ముందర నడిచింది గంగారాం సర్ ఏనా?

దయ్యాలు, మహిమలు నేను ఎన్నడూ నమ్మినోన్ని కాదు. నాందేడ్ల జకాత్ నాకా మీద కొలువు చేసిన. ఊర్లెకు అచ్చే సరుకుకు పన్ను రాసుడు నా పని. డ్రైవర్ మొకం సూసి, టార్పాలిన్ కింద ఏం దాసిండో చెప్పేటోన్ని. రిటైరైనంక కొలువు పోయింది గాని అనుమానం పోలె.

రెండువేల సంవత్సరం దాటినంక నాకు షుగర్ అచ్చింది. నా భార్య సుశీల నన్ను పొద్దుగాల నడిచే మందిల కలిపింది. పది మందిమి. నడిపించేటోడు గంగారాం సర్, మరాఠీ బడిల డ్రిల్ మాస్టర్ చేసి రిటైరైండు. మాలెక్క తెలుగాయనే గాని, హుకుం మాత్రం మరాఠీలనే.

మొదట్ల ఆయన మీద గూడ అనుమానమే. పైస తీసుకోకుంట ఫుకట్ల ఇంతమందిని ఎందుకు తిప్పుతడు, ఏదన్న పాలసీ అంటగడ్తడేమో అనుకున్న. అదేం లేదు. గోదావరి ఒడ్డు పొంటి ఏ పిట్ట ఏందో చెప్పెటోడు. మోకాళ్ల నొప్పులోళ్ల కోసం ఆగి ఆగి నడిచెటోడు. ఆఖరికి చాయ్ హోటల్ల అందరం అటుకుల పోహె తిని, చాయ్ తాగి, నవ్వుకుంట ఇండ్లకు పోయెటోళ్లం. నెల తిరిగేసరికి సుశీలను నేనే లేపుడు మొదలువెట్టిన.

వానకాలం ఒకనాడు, మూడు దినాల సంది ముసురు. మేం పోయేసరికే సర్ బ్రిడ్జి కాడ నిలవడ్డడు. ఖాకీ రెయిన్‌కోటు, కండ్ల దాక టోపీ. నమస్తే పెడితే తల ఊపిండు, మాట్లాడలె. జలుబేమో అనుకున్నం.

రోజూ పాత జిన్నింగ్ మిల్లు గోడ పొంటి గల్లీలకు మలుగుతం. ఆ దినం ఆయన మలుగలె.

"సర్, గల్లీ ఇటు" అన్నది సుశీల.

"సరళ్ చలా" అన్నడు, ఎనుకకు తిరుగకుంటనే. సీదా నడువుండ్రి అని. గొంతు ఆయనదే. ఎడమ కాలు జర ఈడ్సే నడక గూడ ఆయనదే.

చుట్టు తిరిగి చాయ్ హోటల్ కాడికి పోయి సూస్తే సర్ లేడు. మేం కూసునే లోపే సైకిల్ మీద ఒకాయన అచ్చి, మిల్లు గోడ గల్లీ పొడుగూత కూలిందని చెప్పిండు. ఆ దినం ఎవ్వరం పోహె ముట్టలె.

సర్ ఇంటికి పోతే తాళం. నిన్ననే ముఖేడ్ల బిడ్డ ఇంటికి పోయిండని పక్కింటామె అన్నది. నేను నమ్మలె. ఆమె కాడ నంబర్ తీసుకొని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసిన. నాయనకు రాత్రి నుంచి జరం, లేస్తనే లేడని బిడ్డ చెప్పింది. రెయిన్‌కోటు దండెం మీదనే ఉన్నదట.

నేను ఆగలె. బస్టాండుల అడిగిన. ముఖేడ్ నుంచి మొదటి బస్సు మేం నడక మొదలువెట్టినంకనే అస్తది. మందిల ముగ్గురిని వేరువేరుగ అడిగిన. ముగ్గురూ ఆయనే అన్నరు. ఎవడో వేషమేసిండనుకుందాం. గోడ కూలుతదని వానికెట్ల ఎరుక?

వారానికి సర్ అచ్చిండు. జరిగింది చెప్తే, మేం ఆటవట్టిస్తున్నమని నారాజైండు. జరంల నాయన "సరళ్ చలా" అని కలవరిచ్చిండని బిడ్డ తర్వాత చెప్పింది. కాని ఆ మాట ఫోన్ల ముందుగాల నేనే ఆమెకు చెప్పిన్నా? గుర్తులేదు.

అప్పటి సంది సర్ ముందర నడుసుడు బంద్ చేసిండు. అందరి ఎనుక నడుస్తడు. ఎందుకని ఒకనాడు అడిగిన.

"ఎనుకుంటే, ముందర ఎవలు పోతున్నరో నాకు కనవడ్తది" అన్నడు.

ఆ దినం సంది నేను గూడ ఆయన పక్కననే నడుస్తున్న.