ఆదివారం నాలుగింటి ఫోను

మా మేడమీద గదిలో ఉండే సాయా పోయాడు. ఈ ఒక్క ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. బుధవారం పొద్దున టీకి కిందికి దిగలేదు. వాన పట్టుకుంది, మోకాలు బిగిసిపోయి ఉంటుందిలే అనుకుని నేను కొట్టు తెరిచి కూచున్నాను. ఎంతకీ రాకపోతే మా అమ్మే మెట్లెక్కి తలుపు తోసింది. ఆవిడ కేక వీధిలోకి వినపడింది. ఆస్పత్రికి తీసుకెళితే, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. నిండా యాభై ఏళ్ళు లేవు మనిషికి.

మా రంగూన్‌లో, ఇప్పటి యాంగోన్‌లో సాయా అంటే బర్మా భాషలో మాస్టారు. బడిలో పాఠం చెప్పేవాణ్ణీ అలాగే పిలుస్తారు, బంతి తన్నడం నేర్పేవాణ్ణీ అలాగే పిలుస్తారు. మా సాయా బంతి మాస్టారు. పుట్టింది ఐర్లండులో. ఇంగ్లండులో చిన్నాచితకా ఫుట్‌బాల్ జట్లకి ఆడి, అక్కడ వయసైపోయిందంటే మలేషియాకొచ్చి, అక్కడా అంతే అంటే మా ఊరి క్లబ్బు ఒకటి పిలిస్తే ఇక్కడికొచ్చాడు. "ప్రతి ఏడూ ఒక మెట్టు దిగుతూ వచ్చాను. మీ ఊరు కింది మెట్టు" అనేవాడు నవ్వుతూ. నాకు ఒళ్ళు మండేది. మా తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోసిన ఊరు ఇది, నీకు కింది మెట్టా అని దెబ్బలాడేవాణ్ణి. "కింది మెట్టు మీదే కదా కూచోడానికి బాగుండేది" అనేవాడు. ఇలాంటి మనిషితో ఏం దెబ్బలాడతాం చెప్పండి.

మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో మాది పప్పులు, చింతపండు, ఎండుమిరపకాయల కొట్టు. పైన ఒక గది ఖాళీగా ఉండేది. క్లబ్బు వాళ్ళిచ్చిన ఫ్లాటులో సాయాకి ఒంటరిగా పిచ్చెక్కుతోందట, మా గది సంగతి ఎవరో చెబితే వచ్చి చూశాడు. పొడుగు మనిషి, ఎర్రటి మెడ. గుమ్మానికి తల కొట్టుకుంది. అమ్మ "ఓలమ్మో, దెబ్బ తగిలిందేటి బాబూ" అని పరిగెత్తుకెళ్ళి నుదురు రాసింది. గది ఎలా ఉందో కూడా చూడకుండా ఉంటానన్నాడు.

ఆయన తెలుగు అంతా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. అందుకని అచ్చం ముసలమ్మలా మాట్లాడేవాడు. పొద్దున్నే కిందికొచ్చి "ఏటమ్మా, ఏటొండినావు?" అంటే కొట్లో సరుకు కొనేవాళ్ళు నోరు తెరిచి చూసేవాళ్ళు. ఎండుచేపల పులుసు తింటూ కళ్ళనీళ్ళు కార్చేవాడు, మానేవాడు కాదు. ఓడిపోయి వచ్చిన రోజు ఇంకో రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు. "గెలిచిన రోజు ఎవడైనా తింటాడు. ఓడిన రోజు తిన్నవాడే మర్నాడు ఆడతాడు" అని ఆయన మాట. నాకు వ్యాపారంలో దెబ్బ తగిలిన రోజుల్లో అమ్మ ఈ మాట చెప్పి అన్నం పెట్టేది.

మోకాలు పోయిన రోజు అమ్మా నేనూ అక్కడే ఉన్నాం. అమ్మ అంతకుముందు ఎన్నడూ ఆట చూడలేదు. రమ్మని రమ్మని ప్రాణం తీస్తే, గొడుగేసుకుని, పకోడీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. గ్రౌండంతా నీళ్ళు. ఆయన బంతి కోసం పక్కకి తిరిగాడు, అంతే, కూలిపోయాడు. ఎవడూ తోయలేదు, ఎవడూ తన్నలేదు. దగ్గర్లో మనిషే లేడు. అదే నాకు ఇప్పటికీ జీర్ణం కాదు. ఎవడైనా తన్ని ఉంటే వాణ్ణి తిట్టుకునైనా బతికేవాళ్ళం. అమ్మ లేచి నిలబడి, "లెగు నాయనా, లెగు" అని అరుస్తోంది. లేవలేదు. నలుగురు మోసుకుపోయారు.

ఆపరేషన్ అయ్యాక అమ్మ మన అమ్మవారి గుడిలో ఆయన పేరున అర్చన చేయించింది. ఇక్కడే మా ఇంటికి మాత్రమే చేతనయ్యే పని ఒకటి జరిగింది. పూజారిగారు గోత్రం అడిగారు. ఐర్లండు మనిషికి గోత్రమేమిటి? గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యపస అని చెప్పేస్తాం, అదే చెబుతానన్నారాయన. అమ్మ ఒప్పుకోలేదు.

"కాశ్యపస ఎవులో మనకి తెల్దు పంతులుగారూ. మా ఇంట్లో తింతన్నాడు, మా ఇంట్లో తొంగుంతన్నాడు. మా గోత్రమే సెప్పండి."

"అలా ఇచ్చేయకూడదమ్మా. గోత్రం ఇస్తే ఇంటివాడైపోతాడు. రేపు మంచికీ చెడ్డకీ మీరే నిలబడాలి."

"అయితే అవుతాడు. ఆడికి మాత్రం ఇక్కడ ఎవులున్నారేటి?"

సాయా పక్కనే కర్రల మీద నిలబడి, ఏదో శుభమే జరుగుతోందని తల ఊపుతున్నాడు. అలా ఆయన మా గోత్రీకుడయ్యాడు.

అమ్మవారు ఏం విన్నదో కానీ మోకాలు మాత్రం వినలేదు. ఏడాది పాటు కష్టపడ్డాడు. కందోజీ చెరువు చుట్టూ మొదట నడక, తర్వాత పరుగు. మళ్ళీ క్లబ్బులో బంతి ముట్టుకున్నాడు. ఒకనాడు తాకేటాలో బస్సు దిగుతూ కాలు కింద పెడితే అది మడత పడిపోయింది. గ్రౌండులో కాదు, బస్సు మెట్టు దగ్గర. ఆ సాయంత్రం మా కొట్లో కందిపప్పు బస్తా మీద కూచుని "అయిపోయింది" అన్నాడు. అమ్మ ఏడ్చింది. నేను టీ తెస్తానని వీధిలోకి పోయాను.

క్లబ్బుకి చెప్పాడు, తోటి ఆటగాళ్ళకి చెప్పాడు. చెప్పనిది ఒక్క మనిషికే, వాళ్ళమ్మకి. ఆవిడ ఆయన్ని పరదేశాలకి పంపేటప్పుడు ఒకటే షరతు పెట్టిందట, "ఆట ఉన్నన్నాళ్ళు ఎక్కడైనా ఉండు. ఆట అయిపోయిన రోజు ఇంటికి రా." ఆట అయిపోయిందని చెబితే వెళ్ళాలి. వెళ్ళి ఏం చెయ్యాలి? ఆ ఊళ్ళో ఆయన గొప్ప ఆటగాడవుతాడని పదేళ్ళ వయసు నుంచీ అందరూ అనుకున్నారు. అక్కడ వీధిలో కుంటుతూ నడవలేనన్నాడు. ఇక్కడైతే కుంటినా సాయానే. తాకేటాలో ఒక బడి వెనక బురద నేలలో పిల్లలకి ఆట నేర్పడం మొదలెట్టాడు. వాళ్ళు ఆయన కాలు చూడలేదు, చెప్పింది విన్నారు.

అందుకని ప్రతి ఆదివారం నాలుగింటికి మా కొట్లో కూచుని వాళ్ళమ్మకి ఫోన్ చేసేవాడు. ఆడుతున్నాననేవాడు. ఎలా ఆడాడో, ఎవరికి బంతి అందించాడో, రెఫరీ ఎంత వెధవో, అన్నీ చెప్పేవాడు. అబద్ధాలు కూడా పొదుపుగా ఆడేవాడు సుమండీ. ఎప్పుడూ తను గోలు కొట్టానని చెప్పలేదు. ఒక్కోసారి ఆవిడ నన్ను ఫోన్లో అడిగేది, మావాడు బాగా ఆడాడా అని. నేను "చాలా బాగా ఆడాడమ్మా" అనేవాణ్ణి. అమ్మకి ఇంగ్లీషు రాకపోయినా పక్క నుంచి "గుడ్, గుడ్" అని కేకేసేది.

ఏళ్ళు గడిచాయి. ఊరు ఎలా మారిందో మీకు చెప్పక్కర్లేదు. కరెంటు ఉండదు, ఆటలు తగ్గాయి, పరాయి దేశం వాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని పోయారు. ఈయన పోలేదు. ఆ వయసులో ఇంకా ఎవడాడతాడు, ఆవిడకి అనుమానం రాదా అని నేను కసిరాను. "గోలు దగ్గర నిలబడే పనికి మారానని చెప్పాను, వాళ్ళు ముసలాళ్ళయ్యేదాకా ఆడతారు" అన్నాడు. ఒకసారి మాత్రం, వాన జోరుగా కురుస్తుంటే, నవ్వకుండా అన్నాడు, "నాకేదైనా అయితే ఆడుతూనే పోయాడని చెప్పు. ఆ మాట చెడగొట్టకు." నేను సరేనన్నాను. అలాంటి మాటకి సరే అనక ఏమంటాం?

ఇప్పుడు ఆ 'సరే' నా నెత్తిన పడింది.

బుధవారం ఆస్పత్రి నుంచి వచ్చాక, ఐర్లండుకి కబురు పంపడానికి ఆఫీసులున్నాయి, వాళ్ళే చూసుకుంటారు అన్నారు క్లబ్బు పాత స్నేహితులు. నాకు ప్రాణం లేచొచ్చింది, నిజం చెప్పొద్దూ. కానీ అమ్మ అప్పటికే తలస్నానం చేసి, పొయ్యి ఆర్పేసి, కొట్టు తలుపులు వేయించేసింది.

"ఆపీసోలు సెప్పడమేటి? గోత్రమిచ్చినాం. మైల మనది. సావు కబురు మైల పట్టినోలే సెప్పాల."

"ఆయన వేరే మతం వాడే అమ్మా. చర్చి ఫాదరొచ్చి పూడుస్తారు."

"పూడవనీ. ఆలు సేసేది ఆలు సేత్తారు, మనది మనం సేత్తాం. ముందు ఆ తల్లికి సెప్పు."

"ఏమని చెప్పను? ఆడుతూ పోయాడని చెప్పమన్నాడు."

అమ్మ తడి జుట్టు ముడేసుకుంది. "మైల్లో ఉండి అబద్దం ఆడకూడదురా" అంది. అనేసి తనే మళ్ళీ ఏడ్చింది, "ఆడికి మాటిచ్చినావు, ఏటి సేత్తావో నాకేటి తెల్సు" అని.

ఆడుతూ పోయాడంటే ఆయనకిచ్చిన మాట నిలుస్తుంది, కానీ బిడ్డ చావు గురించి ఒక తల్లికి అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. నిజం చెబితే ఇన్నేళ్ళుగా ఆయన దాచుకున్న పరువు ఒక్క నిమిషంలో నా నోటితో తీసేసినట్టే. వాకిట్లో వాన కురుస్తోంది. అమ్మ నా పక్కనే నేల మీద కూచుంది. ఫోన్ చేశాను.

పోయాడన్న మాట ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. ఆవిడ ఏడుపు నేను విన్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత నిద్రలోనా అని అడిగింది. అవునన్నాను. నొప్పి పడలేదు కదా అంది. లేదన్నాను. ఇక చెప్పాల్సింది మిగిలింది. "అమ్మా, ఆయన ఆట గురించి..." అన్నాను.

"వద్దు నాయనా" అంది. "వాడు ఆడటం లేదని నాకు తెలుసు."

"ఆడిన రోజుల్లో ఆదివారం నా మధ్యాహ్న భోజనం వేళకి ఫోన్ చేసేవాడు, ఆట ముగిశాక. తర్వాత ఉన్నట్టుండి నేను పొద్దున చర్చి నుంచి రాగానే చేయడం మొదలుపెట్టాడు. అక్కడ టైమెంతో నేను లెక్క వేసుకోనా? ఆ వేళకి వాడు గ్రౌండులో ఉండాలి కదా."

నాలుగింటికి. మా ఊళ్ళో ఆట మొదలయ్యే వేళ. ఆ వేళకి సాయా ఒక్కచోట నిలవలేకపోయేవాడు, అందుకే ఫోన్ పట్టుకునేవాడు. ఇన్నేళ్ళూ పక్కనే కూచున్నాం, మాలో ఒక్కరికీ తట్టలేదు.

"మరి ఇంటికి రమ్మనలేదేమమ్మా?" అన్నాను. అడగకూడదని తెలుసు, అయినా ఆగలేకపోయాను.

"రమ్మంటే వచ్చేవాడు. ఆటగాడు ఆట మానాడంటే పోయింది మోకాలే. నా ఎదురుగా కుంటాల్సి వచ్చేది. అది వాడు ఓర్చుకోలేడు." గొంతు తగ్గించి, అడగొచ్చో లేదో అన్నట్టు అడిగింది. "ఏ మోకాలు?"

"ఎడమదమ్మా."

"ఎడమదా" అంది. "తెలియక ఇన్నాళ్ళూ రెండింటికీ ప్రార్థన చేశాను."

అమ్మ నా భుజం పట్టి కుదుపుతోంది, "ఏటంతాందిరా? ఏటంతాంది ఆ తల్లి?" అని. నా చెయ్యి నా ఎడమ మోకాలి మీద ఉంది. అమ్మ అది చూసింది. చూసి, తన చెయ్యి తెచ్చి దాని మీద పెట్టింది.