ఊట పైవాలులో కాఫీ మిషను

మొన్న అరకు రోడ్డు పక్కన కాఫీ దుకాణంలో ఒక పట్నవాసపు ఆవిడ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అబ్బా, ఏం వాసన!" అంది. నాకు ఒళ్లు మండింది. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. కాఫీ పండు తొక్క కుళ్లితే ఎంత కంపో, ఆ కంపు వీధి కొళాయిలోంచి వస్తే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు! నాకు తెలుసు.

మా అత్తవారి ఊరు ముంచింగిపుట్టు అవతల కొండ మీద. ఊరందరికీ ఒకటే ఊట. దాని చుట్టూ సిమెంటు తొట్టి కట్టి, మూత వేసి, పైపు దించి వీధిలో కొళాయిలు పెట్టారు. ఊట పైవాలుకి మాత్రం పాత కట్టుబాటు ఉండేది. చెప్పులతో ఎక్కకూడదు, పశువును కట్టకూడదు, ఉమ్మకూడదు. అక్కడ అమ్మవారు ఉంటుందని నమ్మకం. ఈ విషయంలో మా అత్త ఎవరినీ వదిలేది కాదు. కొత్త కోడలిగా ఒకసారి అక్కడ తుమ్మి, దానికీ ఏదైనా కట్టుబాటు ఉందేమోనని హడలిపోయాను.

అలాంటి ఇంట్లోనే మా బావ, అంటే నా భర్తకు అన్న, కాఫీ పండ్ల తొక్క తీసే మిషను కొన్నాడు. తోట పైన ఉంది, పండ్లు కిందికి మోయడం ఎందుకని ఊట పైవాలులోనే బిగించాడు. కట్టుబాటు తప్పలేదు సుమా! మోసేవాళ్లందరి చేతా చెప్పులు విప్పించి మరీ మిషను ఎక్కించాడు. అమ్మవారికి కోడిని కోశాడు. ఊట నీళ్లు పాడవవా అని ఎవరో అడిగితే, "పండే గదేటి! తింటే తియ్యగుంటాది, ఇసమేటి?" అన్నాడట. తొక్కలు కుప్పపడ్డాయి, కడిగిన నీళ్లు నేలలోకి ఇంకాయి. తొట్టికి మూత ఉంది కదా అని మేమంతా నిశ్చింతగా ఉన్నాం. పైనుంచి పడేదాన్ని మూత ఆపుతుంది గానీ, నేలలోంచి దిగేదాన్ని ఆపుతుందా?

కొళాయి నీళ్లు మొదట పుల్లటి వాసన వేశాయి, తర్వాత రంగు మారాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నా కూతురికి అప్పుడప్పుడే పాలు మాన్పించాను. దాని కళ్లు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేక వేలాడిపోయింది. డోలీ కట్టి ఆసుపత్రికి కొండ దించుతుంటే బావ దారి పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన్ని అక్కడే చీల్చేయాలనిపించింది. బావగారి ముందు గొంతెత్తే అలవాటు మా ఇళ్లలో లేదు. పళ్లు బిగబట్టుకుని నడిచాను.

అత్త మాత్రం ఊరుకోలేదు. "బేగి కొళాయిలు కట్టేయండి!" అని వీధంతా కేకేసి, నేరుగా కొడుకు ఎదుటికి వెళ్లింది.

"సెప్పులిప్పే ఎక్కినాం గదమ్మా, కోడినీ ఇచ్చినాను," అని ఆయన నసిగాడు.

"అమ్మోరికి కోడినిచ్చినావు, నా మనవరాలికి ఏటిచ్చినావురా?" అంది అత్త.

మిషను ఊరి దిగువకు దించేదాకా, కుళ్లిన తొక్కలన్నీ ఆయనే బుట్టలతో మోసి పారబోసేదాకా ఆవిడ అన్నం ముట్టలేదు. తొట్టి తోడి, కడిగి, బ్లీచింగ్ వేశారు. ఊట తేటపడేదాకా ఊరంతా అవతలి గెడ్డకు పోయి ఆ వాగు నీళ్లు మోసుకుని, కాచుకుని తాగాం. ఊట పైన కాఫీ పండ్లు కడగకూడదని పెద్దలు కూర్చుని కొత్త కట్టుబాటు చేశారు.

నా కూతురు బతికింది. ఇప్పుడు దానికీ పిల్లలు. "ఊట పైన కాపీపళ్లు కడగకూడదర్రా, తాతలనాటి కట్టుబాటు," అని వాళ్లకి చెబుతుంటే విన్నాను. తాతలనాటిదట! దాని ప్రాణం మీదికి వచ్చాక పుట్టిన కట్టుబాటు, దాని నోట్లోనే అంత పాతదైపోయింది. నా కోపం మాత్రం ఇంకా నిన్నటిదే.