మంద పెట్టని చెల్క

మా వీధి చివర పాత బావిలో పూడిక తీస్తున్నారు. పొద్దున కిటికీ తెరవగానే ఆ వాసన ఇంట్లోకి వచ్చింది. ఏళ్ళ తరబడి ఎండ చూడని నల్లమట్టి, నాచు, తడిరాయి కలిసిన చల్లటి వాసన. ముసలితనంలో నిద్రకూ మెలకువకూ నడుమ గోడ పలచబడుతుందేమో, మంచం మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఒక దిగుడుబావి మెట్ల మీద ఉన్నాను. కింద నీళ్ళు పచ్చగా కదలకుండా ఉన్నాయి. వాటి మీద పడ్డ వెలుగు పైకి లేచి రాతిగోడల మీద, ఒక మనిషి గడ్డం కింద వణుకుతోంది. ఆయన ఒక గాజుగ్లాసును ఎండకెత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఆయన కరీం సాబ్. చనిపోయి ఎంతో కాలమైంది. ఆ గ్లాసు మాత్రం ఇంకా దించలేదు.

ఇది చదివేవాళ్ళెవరూ ఆయన్ని చూసి ఉండరు. రెండో ప్రపంచయుద్ధం మొదలవబోతున్న రోజుల్లో, వనపర్తికి ఆవల ఒక చిన్న దవాఖానలో డాక్టరు. గద్వాల వీధుల్లో తెలుగు నేర్చి, పట్నంలో వైద్యం చదివిన మనిషి. నేను ఆయన కింద ఊరూరా తిరిగి టీకాలు వేసే ఉద్యోగిని. ఆయన ఒక ముసలి గుర్రమెక్కేవాడు. నేను సైకిలు తొక్కేవాణ్ణి. చాలాసార్లు ఇద్దరం దిగి నడిచేవాళ్ళం, ఎందుకంటే ఆ రాళ్ళదారిలో గుర్రానికీ సైకిలుకూ ఒకే రకం జబ్బు చేసేది. ఆ నడకల్లోనే నేను చదువుకున్నాననుకుంటాను. బడిలో చదివింది ఏదీ ఇప్పుడు గుర్తు లేదు.

ఆ కాలంలో మా మెట్టప్రాంతపు పెద్ద పీడ నారికురుపు. ఎండాకాలం రాగానే కాలి మీద ఒక పొక్కు లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగిలి అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని ఒక పుల్లకు చుట్టి, రోజూ కొంచెం కొంచెం లాగాలి. తెగిందా, కాలు చీముపట్టి కీలు బిగుసుకుపోతుంది. మంట చల్లారాలని మనుషులు కాలు తీసుకెళ్ళి దిగుడుబావి నీళ్ళలో పెట్టేవాళ్ళు. ఆ నీళ్ళే కడవల్లో ఇంటికి వచ్చేవి. పురుగు పిల్లలు ఆ నీళ్ళతో కడుపులోకి పోయి, మరుసటి ఎండాకాలానికి కాలిలోంచి తిరిగి వచ్చేవి.

పాన్‌గల్ దారిలో ఒక బోడగుట్టకు అటూ ఇటూ రెండు పల్లెలుండేవి. పైది మీదిపల్లె, కిందది కిందిపల్లె. ఒకే ఎర్రనేల, ఒకే జొన్నసంకటి, ఒకే తీరు దిగుడుబావి. కిందిపల్లె బావి దగ్గరే ఆయన గ్లాసెత్తి ఎల్లమ్మ అనే ముసలావిడను పిలిచాడు.

"అవ్వా, ఇందుల ఏం గనిపిస్తుంది?"

"నీళ్ళు గాక పాలు గనిపిస్తయా సాబ్?"

"జర మంచిగ చూడు." భూతద్దం చేతికిచ్చాడు.

ఆమె చూసింది. నీళ్ళలో తెల్లటి నలకలు గంతులేస్తున్నాయి. "ఓయమ్మో, ఎగురుతున్నయి గదనే!"

"వాటి కడుపులనే ఉంటది నారు పురుగు పిల్ల. అవి తాగితివా, ఏడాదికి నీ కాల్లకెల్లి ఎల్తది."

ఎల్లమ్మ భూతద్దం తిరిగిచ్చేసింది. "గంగమ్మ తల్లికి గూడ సంసారం ఉండదా సాబ్? పిల్లాజెల్లా ఉంటరు. మనం సర్దుకోని తాగాలె."

ఆయన నవ్వీ నవ్వీ మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ నవ్వు రాతిగోడల మధ్య తిరిగి తిరిగి నీళ్ళలోకి దిగింది. ఇప్పటికీ నాకు ఆ నవ్వు కిందినుంచే వినిపిస్తుంది.

మెట్లు మూసేసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి చేదుకునేట్టు చేస్తే ఈ పీడ పోతుందని ఆయన పైవాళ్ళకు ఎన్నోసార్లు రాశాడు. అది ఆ ఊళ్ళ ఎండ దోషమనీ, జొన్నతిండి వేడి అనీ జవాబు వచ్చేది. రుజువు కావాలన్నారు. ఆ రుజువుకు దారి ఆయనకు ఒక చెల్కలో, అంటే వానకు పండే ఎర్రమట్టి చేనులో, దొరికింది. మా వైపు రైతులు పంట వేసే ముందు గొర్రెల మందను చెల్కలో రాత్రుళ్ళు ఉంచుతారు, ఆ పెంట నేలకు బలం. ఒక రైతు సగం చెల్కలోనే మంద పెట్టించగలిగాడు. మిగిలిన సగంలో జొన్న మోకాలెత్తున ఆగింది. కరీం సాబ్ గుర్రం ఆపి ఆ రెండు సగాల మధ్య గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. గాలికి ఒకవైపు కంకులు ఊగుతున్నాయి, ఇంకోవైపు ఊగడానికి ఏమీ లేదు. ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"గిట్ల చెయ్యాలె కిష్టయ్యా. ఈ సగం లేకుంటే ఆ సగం సంగతి ఎట్ల తెలుస్తది? మీదిపల్లెల నీళ్ళు బట్టతోని వడగట్టిపిద్దాం. కిందిపల్లెను ఉన్నది ఉన్నట్టు ఉంచుదాం. ఏడాది దాటినంక వచ్చే ఎండకాలం రెండూర్లు పక్కపక్కన పెట్టి చూపిస్త. ఆనక రెండు బాయిలకూ గిలకలు పెట్టక ఏం చేస్తరు?"

"కిందిపల్లెల ఏం చెప్దాం సాబ్?"

ఆయన గట్టు దిగుతూ, "ఇప్పుడైతే ఏం చెప్పకు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు. ఆ మాటలో తడబాటు ఉందని నాకు అప్పుడు తెలియలేదు. నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, దానికి నేను కాపలావాణ్ణైపోయాను.

మీదిపల్లెలో ఇంటింటా కడవ మూతికి మడతపెట్టిన బట్ట కట్టించాను. ఆ ఊళ్ళో అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నది బాలమ్మ అనే పిల్ల. వాళ్ళ నాయన పాతపంచె చింపి నాలుగు మడతలు వేసి, వాడినప్పుడల్లా ఉతికి ఎండేసేది. మాఘంలో ఆమె పెళ్ళి అయింది. ఇచ్చింది కిందిపల్లెకే.

ఒకరోజు టీకాల పని మీద కిందిపల్లెకు పోతే, ఒక ఇంటి ముందు బాలమ్మ కడవకు బట్ట కడుతోంది. పక్కింటి కోడళ్ళు ఇద్దరు అలాంటి బట్టలే చేతుల్లో పట్టుకుని చూస్తున్నారు. అత్త గడపలో కూర్చుని దెప్పుతోంది.

"మీ ఊరి నోరు అంత నాజూకా? మా ఊరి నీళ్ళు ఉత్తగ తాగితే గొంతుల దిగయా?"

నేను సైకిలు గోడకానించాను. మీదిపల్లె ఈ పిల్ల వెంట గుట్ట దిగి వచ్చేసింది. రేపటికి ఈ వీధి, ఎల్లుండికి ఊరంతా. ఇక పోల్చడానికి ఏం మిగులుతుంది?

"బాలమ్మా, ఇక్కడ కట్టొద్దు. విప్పెయ్."

ఆమె తెల్లబోయింది. "అదేందన్నా? వడగట్టుకోని తాగుమని మా ఊర్లె చెప్పింది నువ్వే గదా?"

"అది ఆ ఊర్లె. ఇది ఏరే. ఒక్క ఏడాది ఆగండి." ఆమె ఇంకా చూస్తుంటే అన్నాను, "సాబే వద్దన్నడు."

సాబ్ అనలేదు. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది. నన్ను నేను చెడ్డవాణ్ణనుకోలేదు, ఒక మంచిపనిని కాపాడుతున్నాననుకున్నాను. అత్త సంబరపడింది. "చూసినవానే? టీకాల సారే చెప్తుండు. ఇగ విప్పు నీ నకరాలు." బాలమ్మ ముడి విప్పింది. పక్కింటి కోడళ్ళు బట్టలు కొంగుల్లో చుట్టుకుని లోపలికి పోయారు. నేను సైకిలెక్కి గుట్ట ఎక్కుతూ ఈల కూడా వేశాననుకుంటాను.

ఏడాది దాటి, మరుసటి ఎండాకాలం అనుకున్నట్టే వచ్చింది. మీదిపల్లెలో పుల్లలు చుట్టుకుని కూర్చున్నవాళ్ళు ఒకరో ఇద్దరో. గుట్ట దిగితే కిందిపల్లెలో గడపగడపకూ ఒక చాచిన కాలు. ఎండలో ఆ ఊరు నీళ్ళ అడుగున ఉన్నట్టు మసకగా ఊగుతోంది. ఎక్కడా మనిషి చప్పుడు లేదు, మూలుగు తప్ప. నేను మాత్రం లోలోపల ఎగురుతున్నాను. ఇంత తేడా! ఇక పైవాళ్ళు ఏమంటారు?

కరీం సాబ్ ఒక గడప ముందు ఆగాడు. బాలమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. మోకాలు కుండలా వాచింది. పుల్లకు చుట్టిన పురుగు తెగిపోయింది. కట్టెలకు రమ్మని అత్త తొందరపెడితే, లేవబోయేటప్పుడు తెగిందట.

"నువ్వు మీదిపల్లె పిల్లవు గదా బిడ్డా? నీకు వడగట్టుడు తెల్వదా?"

"తెల్సు సాబ్. మీరే వద్దన్నరంట గదా."

నేను నేలచూపు చూస్తున్నాను. ఆయన ఇప్పుడు నా వైపు తిరుగుతాడు, 'ఎవరు చెప్పిండ్రు?' అని అడుగుతాడు అనుకున్నాను. ఆయన తిరగలేదు. టోపీ తీసి, నేల మీద గొంతుక్కూర్చుని, ఆమె కాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"తప్పయింది బిడ్డా. మల్ల అట్ల అననియ్య" అన్నాడు.

తిరుగుదారిలో గుట్ట మీద నేనే మొదలుపెట్టాను. "లెక్క చెడిపోతదని చేసిన సాబ్. పక్కిండ్లోల్లు గూడ నేర్చుకుంటుండ్రి."

ఆయన గుర్రం మెడ నిమురుతూ నడిచాడు. నడుస్తూనే అన్నాడు. "చెల్కకు కాలు నొయ్యదు కిష్టయ్యా. ఆ మాట నీకు ముందుగాల్ల చెప్పాలె. చెప్పలే. నాకే యాదికి రాలే." కళ్ళెం సర్దుకుని, "మనం తేడాను చూడలే. తేడాను చేసినం" అన్నాడు.

తెల్లవారి ఆయన కిందిపల్లె బావి దగ్గర ఊరిని కూడేశాడు. ఏం చేశామో దాచకుండా చెప్పాడు. నీళ్ళు వడగట్టుకొమ్మని మీదిపల్లెకు చెప్పి మీకు చెప్పలేదన్నాడు, కట్టిన బట్టను విప్పించామన్నాడు. జనంలోంచి ఒక ముసలి రైతు లేచాడు.

"అంటే మాది మంద పెట్టని చెల్కనా సాబ్?"

"ఔను తాతా."

ఎవరో తిట్టారు. ఎవరో మన్ను తీసి విసిరారు, అది ఆయన కోటు మీద పడింది. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. 'విప్పించింది నేను' అనడానికి రెండు మాటలు చాలు. నేను ఇంకో అడుగు వెనక్కి వేశాను. ఆయన కోటు దులుపుకోకుండా అలాగే మెట్లు దిగి, మొదటి కడవకు తన చేత్తో బట్ట కట్టాడు. కాసేపటికి ఎల్లమ్మ తన కడవ తెచ్చి పక్కన పెట్టింది. "కట్టు సాబ్. తిట్టుడు ఆనక తిడ్త."

పైవాళ్ళకు పంపే నివేదికలో కూడా ఆ సంగతి రాస్తానంటే నేను బతిమాలాను. రాయకపోతే రెండు బావులకూ గిలకలు వస్తాయి గదా అన్నాను. "రాయకుంటే రేపు ఇంకోడు గిట్లనే చేస్తడు" అన్నాడు. ఎవరు విప్పించారో పేరు రాయలేదు, మేము అని రాశాడు. గిలకలు ఆ ఏడు రాలేదు. ఆయనకు గట్టు అనే మారుమూల ఊరికి బదిలీ వచ్చింది. రెండూళ్ళూ బట్టలతోనే నెట్టుకొచ్చాయి, గిలకలు చాలా ఏళ్ళ తర్వాత వచ్చాయి. సామాను బండికెక్కించేటప్పుడు ఆయన చేతులు పట్టుకుని నేనేదో చెప్పబోయాను.

"నాకు చెప్పుడెందుకు? చెప్పవల్సినామె కిందిపల్లెల ఉంది" అన్నాడు. బండి కదిలింది. దుమ్ములో ఆయన టోపీ చాలాదూరం వరకు ఎర్రగా కనబడింది. మళ్ళీ నేను ఆయన్ని చూడలేదు.

గుట్ట దిగి ఆ గడప దాకా పోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. బాలమ్మకు పిల్లలు పుట్టారు. మోకాలు వంగదు. కాలు చాపుకునే పల్లీలు వలుస్తోంది. నేను చెప్పాల్సింది చెప్పాను. సాబ్ అనలేదు, నేనే అన్నాను అని.

"నాకెర్కనే గదన్నా" అంది. "ఆ పొద్దు సాబ్ మొకం చూసిన, నీ మొకం చూసిన. తెల్వకుంటదా?"

"మరి ఊర్ల ఎందుకు చెప్పలే?"

"చెప్తే? నీ నౌకరి పోతుండె. నా మోకాలు వంగుతుండెనా?" పొట్టు ఊదేసి మళ్ళీ అడిగింది. "అయితే, ఆ ఏడాది మీకు ఏం తేలింది?"

"వడగట్టిన నీళ్ళు మంచివని తేలింది."

బాలమ్మ నవ్వింది. కోపం లేని నవ్వు. అందుకే తట్టుకోలేకపోయాను. "ఆ సంగతి నేను పెండ్లయి అచ్చిన్నాడే మూట గట్టుకోని తెస్తినిగదన్నా."

తర్వాత నేను ఎన్నో మందులు, ఎన్నో పద్ధతులు పోల్చి చూసే పనుల్లో ఉన్నాను. పోల్చడం తప్పని ఏనాడూ అనుకోలేదు. పోల్చకపోతే ఎండ దోషం, తిండి వేడి అనుకుంటూనే ఉండేవాళ్ళం. కొత్తగా చేరిన పిల్లలకు ఆ పని నేర్పాను కూడా. ఇప్పటికీ కొందరు ఉత్సాహంగా కాగితం మీద రెండు ఊళ్ళు గీసి ఇంటికి తెస్తారు, ఇది మందిచ్చే ఊరు, ఇది ఇవ్వని ఊరు అని. నేను ఆ రెండో ఊరి మీద వేలు పెట్టి, అక్కడ ఎవరుంటారని అడుగుతాను. జనాభా ఎంతో చెప్పబోతారు. జనాభా కాదు, ఒక మనిషిని చెప్పమంటాను. నాకు చాదస్తం పెరిగిందని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనీ. ఒక్క పేరైనా చెప్పేదాకా నాకు ఆ వేలు తియ్యబుద్ధి కాదు.