సాక్షి లేని కొడువా

మా నాయన చివరిగా చేసిన పని, ఒక రొయ్యల పొట్లాన్ని ఫ్రీజరులో ఐసు ట్రే కింద దాచిపెట్టడం. అది 2009 ఆగస్టు, ఒక శనివారం సాయంత్రం. మరుసటి ఉదయం గాలానికి ఎరగా గుచ్చడానికి తెచ్చుకున్న రొయ్యలవి. పాల ప్యాకెట్ల పక్కన ఎర పెట్టొద్దని ఫ్రిజ్జు కొన్న నాటి నుంచీ అమ్మ చెబుతూనే ఉంది, ఆయన దాస్తూనే ఉన్నాడు. పొట్లం పెట్టి, తలుపు మూసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. వాసన చూసుకుని మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత వరండాలో కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. అమ్మ గ్లాసుతో వచ్చేసరికి తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. గుండె అన్నాడు డాక్టరు.

మూడో రోజున ఎవరికో మజ్జిగ ఇవ్వడానికి ఫ్రిజ్జు తెరిచినప్పుడు అమ్మకు ఆ పొట్లం కనిపించింది. తిట్టడానికి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

ఆయన పేరు ఎస్. నరసింహన్. మేట్టుపాళయం ఇండస్ట్రియల్ ఎస్టేటులో సీసాలకు మూతలు చేసే ఒక చిన్న కంపెనీలో ఇరవై ఆరేళ్ళు స్టోర్సు చూశాడు. మూలకుళంలో ఇల్లు. మావాళ్ళు తరతరాలుగా సేద్యం చేసినవాళ్ళు, నీళ్ళంటే బావీ మోటారూ తప్ప ఎరగనివాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషికి సముద్రం పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. వంటింట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడేవాడు. తెలుగు చదవడం ఆయనకు రాదు. నేను రాసినవి ఏవైనా చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని వినేవాడు. అయిపోయాక, "ఇంకా కొంచెం తగ్గించొచ్చు కదప్పా" అనేవాడు.

ఆదివారం తెల్లవారగానే సైకిలుకు గాలపు కర్ర కట్టుకుని హార్బరు మొగ దగ్గరికి పోయేవాడు. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట అలలను ఆపడానికి పోసిన నల్లరాళ్ళ కట్ట ఉంది. అక్కడ ఆయనకొక జట్టు. అందరిలో పెద్ద ముకుందన్ సారు, లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవారు. తర్వాత ముని, ఆటో తోలేవాడు. ఇంకా ఒకరిద్దరు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. పడవల మీద వేటకు పోయి వచ్చే మనుషులకు వీళ్ళంటే నవ్వులాట. వల వేస్తే గంపెడు పడే చోట, పొద్దంతా ఎండలో కూర్చుని ఒక్క చేప కోసం చూసే ఈ బాపతు మనుషులు వాళ్ళకు అర్థమయ్యేవాళ్ళు కాదు.

ఆ రాళ్ళ మీద ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు, ముకుందన్ సారు వచ్చేనాటికే ఉందట. పట్టిన చేపకు త్రాసు ఉంటుంది. తప్పిపోయిన చేపకు ఏముంటుంది? అందుకని కంటి తూకం. పెద్ద చేప గాలానికి తగిలి తప్పించుకుపోతే, అది ఎంత ఉంటుందో పోగొట్టుకున్నవాడు చెప్పకూడదు. నోరు మెదపకుండా గాలం చుట్టుకోవాలి. దగ్గరగా నిలబడి చూసినవాడే చెప్పాలి. అతను ఎంత అంటే అంత. వాదన లేదు. చెప్పినవాడే పోగొట్టుకున్నవాడికి టీ ఇప్పిస్తాడు. టీ తాగేశాక ఆ చేప మాట మళ్ళీ ఎత్తకూడదు.

ఒకసారి మునికి పారై చేప తగిలి రాళ్ళకింద దారం కోసుకుని పోయింది. ముకుందన్ సారు కళ్ళజోడు సర్దుకుని "తొమ్మిది" అన్నారు. పన్నెండు కిలోలకు తక్కువ ఉండదని ముని ప్రాణం కొట్టుకుంటోందని మొహమే చెబుతోంది. అయినా తల వంచి, ఆ టీ తాగేసి, గ్లాసు రాయి మీద పెట్టి మళ్ళీ ఎర గుచ్చాడు. అంతే, అతనికి ఆ చేప అయిపోయింది. నేను చూస్తుండగానే అయిపోయింది.

మా నాయనకు అలా జరగలేదు.

2005 జూలైలో ఒక బుధవారం కంపెనీలో ఏదో యంత్రం పాడై మధ్యాహ్నం నుంచి సెలవిచ్చేశారు. ఇంటికి వచ్చి, అన్నం తిని, సైకిలెక్కాడు. వారం మధ్యలో రాళ్ళ మీద జట్టువాళ్ళు ఎవరూ ఉండరు. ఒంటరిగా ఒక చిన్న మడవై చేపను ప్రాణంతోనే గాలానికి గుచ్చి, పోటు తిరిగే వేళకు మొగలోకి విసిరాడు. కొడువా తగిలింది. ఆంధ్రా వైపు పండుగప్ప అంటారే, అదే. ఒకసారి నిలువునా నీళ్ళ పైకి ఎగిరిందనీ, ఎండలో వెండి పళ్ళెంలా కనబడిందనీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. పావుగంట పట్టి లాగాడట. కట్ట దగ్గరి దాకా తెచ్చాడట. తర్వాత దారం వదులైపోయింది. చుట్టి చూసుకుంటే దారం తెగలేదు, ముడి జారలేదు, గాలం వంగలేదు. కొక్కెం మొన మీద ఒక్క పొలుసు కూడా లేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మ, నేను, నా చెల్లెలు ప్రీతిక అందరం విన్నాం. ప్రీతిక అప్పుడు లాస్‌పేటలో కాలేజీ రెండో సంవత్సరం. నేను ఎన్నో ప్రశ్నలు వేశాను. ఆమె చారు పోసుకుని, తిని, లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం నేనూ నాయన వెంట వెళ్ళాను. ముకుందన్ సారు మొత్తం విని, లెక్కల మాస్టారు కదా, వరసగా అడిగారు.

"ఎవురన్నా చూసినారా నరసింహా?"

నాయన కొంచెం ఆగి, "లేరు సార్" అన్నాడు.

"ఎగిరినప్పుడు కర్ర దించితివా?"

కొడువా ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణంలో కర్ర కొనను నీళ్ళ వైపు దించి దారం బిగువు చూసుకోకపోతే కొక్కెం ఊడిపోతుంది. ఆ రాళ్ళ మీద కూర్చునేవాళ్ళు మొదట నేర్చుకునేది అదే.

"దించితిని సార్."

"మరి ఎట్ల పోయింది? దిక్కులు చూస్తివా?"

"లేదు సార్."

"చూసినవాళ్ళు లేకుంటే దానికి తూకం లేదప్పా. నేనేం చేసేది" అన్నారు ముకుందన్ సారు. ఆయన గొంతులో వెక్కిరింత లేదు. కానీ టీ ఇప్పించలేదు. ఇప్పించడానికి కట్టుబాటు ఒప్పదు.

ఆ రోజు నుంచి మునికి పండగైంది. నాయన సైకిలు దిగగానే మొదలుపెట్టేవాడు. "అన్నా, నీ కొడువాకు ఈ ఏడు రేషన్ కార్డు వచ్చుంటాది." "అన్నా, ఎలక్షన్ వస్తా ఉండాది, దాన్ని ఓటు వేసేదానికి పిలుచుకొని రా." నాయన ఎప్పుడూ నవ్వేవాడు. ఎన్ని కిలోలు అని ఎవరు అడిగినా ఒక్కసారి కూడా అంకె చెప్పలేదు. "సాక్షి చెప్పాల కదా" అనేవాడు. అంకెలన్నీ పక్కవాళ్ళవే. వాళ్ళ నోళ్ళలో ఆ చేప ఏటేటా పెరిగింది.

నేను కూడా ఒక మాట అన్నాను. అది రాయకుండా తప్పించుకోవాలని ఉంది గానీ, రాయకపోతే మిగిలినదానికి అర్థం ఉండదు. 2007లో ప్రీతిక నిశ్చితార్థం. కడలూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు నరేంద్రన్ తరపు పెద్దలు నాయనను చేపల సంగతి అడిగారు. నలుగురిలో నవ్వించాలన్న ఉబలాటం నాది. "మా నాయన చేప నీళ్ళల్లోనే పెరుగుతా ఉండాది మామా. పోయినేడు పది కిలోలు, ఈ ఏడు పదైదు. పెండ్లి నాటికి మండపంలో పట్టదు" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. నాయన కూడా నవ్వి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. పట్టుచీరలో తల వంచుకుని కూర్చున్న ప్రీతిక నవ్వలేదు. సిగ్గనుకున్నాను.

తర్వాత ఎప్పుడో, మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆయనకు బాధ చేప పోయినందుకా, ఎవరూ నమ్మనందుకా అని అడిగాను. గాలపు చక్రం విప్పి మంచినీళ్ళతో కడుగుతున్నాడు. ఉప్పు పట్టి తుప్పు చేరకుండా ప్రతి వారం అలా కడగాలి. చేతిలో పని ఆపకుండానే చెప్పాడు.

"చేప దాని ఇంటికి అది పోయింది. దానికేంది బాధ. ఒకడు పక్కన నిలబడి, ఔనప్పా ఇంత ఉండె అంటే, ఆ రాళ్ళ మీదనే ఇడిసిపెట్టి వచ్చేయొచ్చు. నా చేపను నేను వారం వారం ఇంటికి మోసుకొస్తా ఉండా."

అప్పటికి ఆ మాట నాకు బాగుందనిపించింది. ఎక్కడైనా రాసుకోవాలనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ చేప పోయాక ఆయన చేపలు పట్టడం మానలేదు. ఆ గాలాన్ని గుర్తుగా దాచుకోనూ లేదు. తర్వాతి ఆదివారమే దానికి మళ్ళీ ఎర గుచ్చాడు, రెండు వారాలకు అది రాళ్ళ సందులో ఇరుక్కుని తెగిపోయింది. మారింది ఒక్కటే. వెళ్ళగానే ఎర గుచ్చేవాడు కాదు. కర్ర పక్కన పెట్టి, కాసేపు ఊరికే నీళ్ళ వైపు చూస్తూ కూర్చునేవాడు. ముని కూడా ఆ కాసేపు ఎగతాళి చేసేవాడు కాదు.

పదహారో రోజు కర్మకు ముకుందన్ సారు, ముని వచ్చారు. ముని మొదటిసారి ఇస్త్రీ చొక్కాలో కనిపించాడు. విస్తళ్ళు తీసేశాక ముకుందన్ సారు నన్నూ, ప్రీతికనూ దగ్గరికి పిలిచారు. జట్టంతా మాట్లాడుకున్నారట. నరసింహ అబద్ధం చెప్పే మనిషి కాదు, సాక్షి లేకున్నా ఈ ఒక్కసారికి ఆ కొడువాకు తూకం వేస్తామని అన్నారు.

"పది అని వేస్తిమి" అన్నారు. ముని తల ఊపాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను చేతులు జోడించాను. ఏళ్ళ తరబడి ఆయన మోసింది ఇప్పటికి దిగిందనుకున్నాను. ప్రీతిక మాత్రం లేచి మిద్దె మీదికి వెళ్ళిపోయింది. వాళ్ళను సాగనంపి నేనూ పైకి వెళ్ళాను. ఆరేసిన పంచల మధ్య పిట్టగోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"పది కాదన్నా. ఇంకా పెద్దది" అంది.

ఏడ్చి ఏడ్చి ఏదో అంటోందనుకున్నాను. ఊరుకోమన్నాను.

"నేను ఆడనే ఉంటి."

ఆ బుధవారం ఆమె కాలేజీ ఎగ్గొట్టి, తనతో చదివే ఒక అబ్బాయితో హార్బరు వైపు వెళ్ళింది. నాయన కంపెనీలో ఉంటాడన్న ధైర్యం. ఆ అబ్బాయి సంగతి ఆ ఏడాదితోనే ముగిసింది, పేరు కూడా నేను అడగలేదు. కట్టకు లోపలి వైపు, బోర్లించిన ఒక పాత పడవ నీడలో ఇద్దరూ కూర్చున్నారు. చక్రం గిర్రుమని తిరిగిన చప్పుడుకు లేచి చూశారు. తలకు తువ్వాలు చుట్టుకున్న ఎవరో మనిషి, విల్లులా వంగిన కర్ర, ఆ వెంటనే నీళ్ళ మీదికి ఎగిరిన చేప. నాయన అని ఆమెకు తెలియలేదు. చూడాలని ఇద్దరూ రాళ్ళెక్కి దగ్గరికి వెళ్ళారు. ఇరవై అడుగులు కూడా ఉండదంది.

చేప కట్ట దగ్గరికి వచ్చాక ఆ మనిషికి సాయం కావలసి వచ్చింది. ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో అంత చేపను కొక్కెమున్న కర్రతో గుచ్చి పైకి తీయలేడు. అడుగుల చప్పుడు విని, ఎవరో ఏమిటో చూడకుండానే, "తంబీ, ఆ కొక్కికర్ర ఎత్తుకోని రా" అని తమిళంలో అరుస్తూ వెనక్కి తిరిగాడు.

"నన్ను చూసినాడన్నా. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నేనూ కదల్లా, నాయనా కదల్లా."

ఇంట్లో ఆయన ఏమీ అనలేదట. కోపంగా చూడనూ లేదు. వారం తర్వాత, బస్సు కోసం బయల్దేరుతుంటే వెనక నుంచి ఒక్క మాట అన్నాడట. ఆ రాళ్ళు పాచి పట్టి ఉన్నాయి, జారతాయి, పోతే చూసుకుని పోవాలని. అంతకు మించి నాలుగేళ్ళలో ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన రాలేదు. రాళ్ళ మీద ముకుందన్ సారు అడిగినప్పుడు ఆయన ఎవరి పేరు చెప్పగలడు? పెళ్ళి కావలసిన పిల్ల పేరు చెప్పి తూకం అడుగుతాడా? నిశ్చితార్థం నాడు నేనన్న మాటకు ఆయన ఎందుకు నవ్వాడో, ఆమె ఎందుకు నవ్వలేదో, ఆ మిద్దె మీద నిలబడి ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను.

ఎంత ఉంటుందని అడిగాను. అడగవలసిన మనిషిని అడగవలసిన ప్రశ్న అది ఒక్కటే కదా.

"మొదటి తూరి ఎగిరినప్పుడు దూరంలో ఉండె, సరిగా తెలీలా" అంది ప్రీతిక. "రెండో తూరి దగ్గిర్నించి చూసినా. పదారు ఉంటాదన్నా."

రెండోసారి ఎగిరిందని నాయన మాకెవరికీ చెప్పలేదు. ఆయన దాచి చెప్పకపోవడం కాదు. అది రెండోసారి ఎగిరి, తల విదిలించి, కొక్కెం ఊడగొట్టుకుని పోయినప్పుడు ఆయన వీపు సముద్రం వైపు ఉంది.