అతను వేయని కేక

మా ఆయనను చెవిటివాడన్న మనిషిని నేను వదిలిపెట్టలేదు. నేను చెప్తుంటే వేరొకరు రాశారు, చేతిరాత నాది కాదు. మాట మాత్రం నాదే.

కాటేదాన్‌లో రేకులు వంచే షెడ్డులో నేనూ మా ఆయనా పనిచేసేవాళ్లం, పక్కపక్క మెషిన్ల మీద. ఇనుప దిమ్మను గొలుసుతో పైకెత్తి దించేటప్పుడు, దించేవాడు ముందు "ఖబర్దార్!" అని కేక వేయాలి. కేక లేనిదే గొలుసు వదలకూడదు. ఆ రోజు సూపర్‌వైజర్ ఫోన్ చెవికి పెట్టుకొని గొలుసు వదిలాడు. దిమ్మ మా ఆయన మీద పడి ప్రాణం పోయింది.

"నేను కేకేసిన సార్. ఆయన చెవిటోడు, వినవడలే" అన్నాడు, విచారణకు వచ్చిన ఆఫీసరుతో.

కేక వేయలేదని నేను అడ్డం తిరిగాను.

"ఈమెకు సుత వినవడది. ఏండ్ల సంది గా మోతలనే ఉన్నది. ఈమె మాటేంది సార్?"

చెవులు చూపించుకొని రమ్మన్నాడు ఆఫీసరు. అది తేలకపోతే నా సాక్ష్యం చెల్లదు, వాడి అబద్ధమే నిలుస్తుంది.

దవాఖానలో డాక్టరమ్మ పరీక్ష చేసి, వినికిడి కాస్త తగ్గింది గాని మాట బాగానే వినపడుతోందని చెప్పింది.

"గంత మోతల కేకెట్ల వినవడ్తదని అడుగుతడమ్మా వాడు."

"మీది శంషాబాద్ కదా. విమానాల మోతకి నిద్ర లేస్తారా?"

"లేవ. మా ఆయన దగ్గితే లేస్తుంటి."

"చెవి నుంచి మెదడుకి నరాలు వెళ్తాయి. మెదడు అడుగునున్న కాండం నుంచి చెవికి తిరిగి వచ్చేవీ ఉన్నాయండీ. ఎడతెగని మోతను తగ్గించుకోమని చెవికే చెప్తాయి. అందుకని ఆ మోతలోనూ కేక పట్టుకోవడం కొంత తేలికవుతుంది. ఆ రోజు కేక వేశారో లేదో మాత్రం నేను చెప్పలేను."

అది నేను చెప్తాననుకున్నాను.

ఆఫీసరు షెడ్డుకు వచ్చిన రోజు మెషిన్లన్నీ నడిపించమన్నాను. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"ఎయ్యి అన్నా, నీ కేక. వినవడితే చెయ్యి లేపుత" అన్నాను సూపర్‌వైజర్‌తో.

ఏమీ వినపడలేదు. అంతలో ఆఫీసరే కసిరాడు: "ఏందయ్యా గా గొణుగుడు? ఆ రోజు ఎట్లేసినవో గట్లనే ఎయ్యి."

"ఖబర్దార్!"

నేను చెయ్యి లేపి వెనక్కి తిరిగాను. షెడ్డులో ఉన్న ఆడా మగా అందరూ గొలుసు కింది నుంచి అవతలికి జరిగిపోయి ఉన్నారు. ఎవరూ చెప్పలేదు. కాళ్లే జరిగాయి.

"గా రోజు ఒక్కరన్న జరిగిన్రా? మేమందరం చెవిటోళ్లమేనా?" అని అడిగాను.

వాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆ ఏడుపు చూస్తే నా కడుపు చల్లబడింది, ఎందుకు దాచాలి?

"ఫోన్ల ఉంటినక్కా. కేకెయ్యలే" అన్నాడు నా చెవి దగ్గరికి వచ్చి.

"సార్, మెషిన్లు బంద్ జేయించున్రి" అన్నాను. "ఇప్పుడు అందరి ముంగట చెప్పు. గట్టిగ చెప్పు."