రిజిస్టరులో చదువుకున్న పిల్ల

ఒడిశాలోని రాయగడ జిల్లాలో, రైలు రెండు నిమిషాలు మాత్రమే ఆగే ఒక చిన్న ఊళ్లో సుజాతకు గాజులు, రిబ్బన్ల కొట్టు ఉంది. బోర్డు మీద పేరు భర్త తాతారావుది. కొట్లో కూర్చునేది, వారం వారం బిస్సమ్ కటక్ వెళ్లి సరుకు తెచ్చేది ఆమె. పుట్టిల్లు పార్వతీపురం దగ్గర. పెళ్లై వచ్చిన ఏడాదికే ఒడియా చదవడం, రాయడం నేర్చుకుంది. నేను ఆ ఊరి స్టేషన్లోనే బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరై ఆమె కొట్టుకు ఎదురింట్లో ఉంటున్నాను. నన్ను బాబాయ్ అంటుంది.

ఆమె కూతురు బిందుశ్రీకి ఏడేళ్లు. పిలిస్తే తిరిగి చూడదు. వచ్చిన మాటలు పది దాటవు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోతుంది. అదే పిల్ల, కొట్లో ఒక్క గాజుల పెట్టె చోటు మారినా లేచివెళ్లి సరిచేసి వస్తుంది. విశాఖపట్నంలో డాక్టరమ్మ చూసి ఆటిజం అని రాసిచ్చింది. ఇలాంటి పిల్లలకు నేర్పడం తెలిసిన టీచరు దొరికితే మంచిదని, అందుకు ప్రభుత్వం సాయం ఉంటుందని చెప్పింది.

తాతారావు ఆ కాగితాన్ని బీరువాలో బట్టల కింద పెట్టాడు. "ఆ మాట బయట సెప్పకు. మనోలు ఏటనుకుంటారు?" అన్నాడు.

అతని మనోళ్లను నేనెరుగుదును. వారానికోసారి వచ్చి, టీ తాగి, తల్లి కొట్లో కూర్చోబట్టే పిల్లకు మాటలు రాలేదని తేల్చి వెళ్తారు. ఒక్క గంట ఆ పిల్లను చూసుకున్నవాడు వాళ్లలో లేడు. అలాంటి వాళ్ల దగ్గర పరువు కోసం కన్నకూతురి చదువును దాచిన తండ్రి ఇతను.

సుజాత ఆ కాగితం బయటికి తీసింది. రాయగడ వెళ్లి వైకల్య ధ్రువపత్రం సంపాదించింది. బడి హెడ్మాస్టరు చేత దరఖాస్తు మీద సంతకం పెట్టించింది. ఆయన బిందుశ్రీని తరగతిలోకి రానివ్వకుండా వరండాలో చాప మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం అన్నం తినగానే ఇంటికి పంపేసేవాడు. హాజరు మాత్రం ఒక్కరోజు తప్పకుండా వేసేవాడు.

ఆ తర్వాత విద్యాశాఖ ఆఫీసు. అక్కడి క్లర్కు సౌమ్యరంజన్‌కు మొదటిసారి జెరాక్సు చాలలేదు. రెండోసారి పిల్ల ఫోటో వెనక నీలం రంగు నచ్చలేదు. మూడోసారి, ఇలాంటి పిల్ల చదివి ఏం చేస్తుందని అడిగాడు. నాలుగోసారి ఆమెను ఎలాగైనా వదిలించుకోవాలని ఒక రిజిస్టరు తీసి ముందుకు తోశాడు. బడి పంపిన జాబితాలో పేరుంది, మీ పిల్లకు ఏడాదిన్నరగా సాయం అందుతూనే ఉంది, మళ్లీ దరఖాస్తు ఎందుకన్నాడు.

సుజాత చదివింది. మంగళవారం మంగళవారం ప్రత్యేక టీచరు ఇంటికొచ్చి బిందుశ్రీకి చదువు చెప్పిందని రాసుంది. అంకెలు నేర్పిందట, బొత్తాలు పెట్టుకోవడం నేర్పిందట. ప్రతి వరసలోనూ తల్లి వేలిముద్ర ఉంది. క్లర్కు ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతుంటే ఆమె పేజీలన్నీ ఫోటోలు తీసుకుంది.

నేరుగా మా ఇంటికొచ్చింది. "బాబాయ్, నా పేరు మీద ఏలిముద్దరలేసేరు. అరవై రెండు. నా సంతకం దొంగతనం సెయ్యడానిక్కూడా బద్దకమే ఆలకి," అంది.

ఆ రాత్రే ఒడియాలో ఒక పేజీ ఫిర్యాదు రాసి కింద సంతకం చేసింది. రిజిస్టరులో పాఠం చెప్పినట్టున్న రెండు మంగళవారాల్లో తల్లీపిల్లా విశాఖలో ఉన్నారు. ఆ రైలు టిక్కెట్లు జత చేసింది. జిల్లా అధికారులు ఫిర్యాదులు వినే రోజున స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది.

అయిదోరోజున సౌమ్యరంజన్ కొట్టుకొచ్చాడు. ప్రత్యేక టీచరు మనీషాను వెంటబెట్టుకొచ్చాడు. ఆమెది మన తెలుగువాళ్ల ఇల్లే. ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకుంటే పిల్ల పని తానే చూస్తానన్నాడు, లేకపోతే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుందన్నాడు. తాను చేసినదానికి ఒక ఆడపిల్లను అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. సుజాత అతనికి స్టూలు వేయలేదు.

మనీషా తల దించుకునే చెప్పింది. తొంభైమంది పిల్లలను తనొక్కదానికే అప్పగించారట. వెళ్లలేకపోయిన ఇళ్లకు కూడా వెళ్లినట్టు రాయమని ఆఫీసులో చెప్పారట, వేలిముద్రలు అక్కడే వేసుకున్నారట.

"అమ్మీ, అందనేదని రాస్తే ఇంకో టీచర్నిచ్చుందురు. అందీసిందని రాసేక ఎవులిస్తారు?" అంది సుజాత. "నువ్వు రాసిందానికి తొంబైమందీ మోసపోయేరు. ఈ మాటే ఆ పెద్దాఫీసర్తో సెప్పు. కాయితం నాను ఎనక్కి తీసుకోను."

మనీషా చెప్పింది. ఆమె ఉద్యోగం నిలిచింది, మరో టీచరు వచ్చింది. సౌమ్యరంజన్‌ను శిక్షగా వేరే ఆఫీసుకు మార్చారు. అక్కడి పిల్లలు చేసిన పాపమేమిటో ఉత్తర్వులో రాయలేదు.

విచారణకు వచ్చినవాళ్లు చూశాక హెడ్మాస్టరు వరండాలో చాప తీయించాడు. ఇప్పుడు బిందుశ్రీ తరగతిలో కిటికీ పక్కన కూర్చుంటుంది. మనీషా వారానికి రెండుసార్లు బడికి వస్తుంది. మొదటి నెలంతా పిల్ల ఆమె వైపు చూడనేలేదు. ఆ తర్వాత బొమ్మల కార్డులతో తనకు కావలసింది అడగడం మొదలుపెట్టింది. గోల ఎక్కువైతే తలుపు బొమ్మ చూపిస్తుంది, మనీషా బయటికి తీసుకెళ్తుంది.

డిసెంబరులో దివ్యాంగుల దినోత్సవానికి ఆదర్శ తల్లిగా సన్మానం చేస్తామని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆ రోజు సంత ఉందని చెప్పి సుజాత పెట్టేసింది. తాతారావు వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని, శాలువా కప్పించుకుని, తన మనోళ్లందరికీ ఫోటో పంపాడు.

అతను ఇంటికొచ్చేసరికి బిందుశ్రీ ఎదురొచ్చి అరటిపండు బొమ్మ చూపించింది. తాతారావు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం చెయ్యాలో తెలియక, శాలువాతోనే వీధిలోకి వచ్చి కొట్లో ఉన్న సుజాతను కేకేశాడు.