నాన్న బండికి కట్టిన ఎర్ర రేకు

చలికాలం పొద్దున్నే తిర్పాలు ఎత్తితే వచ్చే వాసన ఒకటుంటుంది. టార్పాలిన్‌ని మా ఊళ్ళో అందరూ తిర్పాలనే అంటారు, నా నోటికీ అదే అలవాటు. మంచుకు తడిసిన ఆ గుడ్డ వాసన, దాని కింద మగ్గిన ఇంజనాయిలు వాసన, పాత తోలు సీటు వాసన, ఎలుకలు రాకుండా అమ్మ పడేసే కలరా ఉండల వాసన అన్నీ కలిసి ముక్కుకు తగలగానే నాకు ముందు ఒళ్ళు జలదరిస్తుంది, ఆ తర్వాత ఆకలేస్తుంది. ఆకలెందుకంటే, చిన్నప్పుడు తెల్లవారకముందే ఆ తిర్పాలు ఎత్తారంటే మేళాకి వెళ్తున్నామని అర్థం, మేళా అంటే బోలెడంత తిండి. ఒళ్ళు జలదరించే సంగతి చెప్పాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి.

మాది జంషెడ్‌పూర్‌లో భుయ్యాడీహ్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కార్ఖానాలో పనికొచ్చి, సువర్ణరేఖ నది ఒడ్డుకు దగ్గరలో రెండు గదులు వేసుకున్నాడు. మా నాన్న అప్పలసూరి కూడా ఆ పనిలోనే చేరి ఫిట్టరయ్యాడు. రోజంతా ఇనుముతో కుస్తీ పట్టి వచ్చిన మనిషి ఇంటికొచ్చి చాప మీద నడుం వాల్చాలి కదా, మా నాన్న మాత్రం వాకిట్లో ఉన్న ఇంకో ఇనుము దగ్గర గొంతుక్కూర్చునేవాడు. అది ఆయన కంటే వయసులో పెద్దదైన నల్ల ఇంగ్లీషు మోటారు సైకిలు. యుద్ధం రోజుల్లో ఎవరో దొర నడిపిందట, చేతులు మారి మారి చివరికి తుక్కు కింద మా వాకిట్లోకి వచ్చి పడింది. దొరకని భాగాల్ని ఆకురాయితో అరగదీసి తనే తయారుచేసుకుని, నాన్న దానికి ప్రాణం పోశాడు. "నాకు జొరవొచ్చినా ఇంతలాగ సెయ్యేసి సూడలేదమ్మా" అని అమ్మ పక్కింటివాళ్ళ దగ్గర దెప్పేది. నాన్న నవ్వి, మసిచేత్తో ఆవిడ చెంప ముట్టుకోబోతే, ఆవిడ కెవ్వుమని వంటింట్లోకి పారిపోయేది.

ఊళ్ళో ఇలాంటి పాతబండ్ల పిచ్చోళ్ళు ఇంకొందరుండేవారు. వాళ్ళలో మాకు బాగా దగ్గరైనవాడు పక్కవీధి తవిటయ్య మావయ్య, కార్ఖానాలో నాన్నతో ఒకే విభాగంలో పనిచేసేవాడు, అమ్మని చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఏటా డిసెంబరులో ఒక ఆదివారం అందరూ బండ్లేసుకుని చాండిల్ డ్యాం పక్కన మైదానానికి బయల్దేరేవారు. రాంచీ నుంచీ కలకత్తా నుంచీ కూడా పాతబండ్లవాళ్ళు అక్కడికి చేరేవారు. దాన్నే మేము మేళా అనేవాళ్ళం. దారిలో ఒక కట్టుబాటుండేది. వయసులో పెద్ద బండి ముందు, చిన్నది వెనక. ఎంత తొందరున్నా ఒకరినొకరు దాటకూడదు. ఆ వరసలో నాన్నది రెండో స్థానం, నాది నాన్న ముందు పెట్రోలు ట్యాంకు మీద.

ఆ ప్రయాణం ఇప్పటికీ నా ఒంట్లోనే ఉంది. మాంగో వంతెన ఎక్కేసరికి కింద నది కనిపించేది కాదు, తెల్లటి పొగమంచు మాత్రం పారుతున్నట్టుండేది. అరచేతుల కింద ట్యాంకు వెచ్చగా వణికేది, నాన్న గడ్డం నా నెత్తికి గుచ్చుకునేది, దల్మా కొండల మీద ఎండ మెల్లగా కిందికి దిగేది. దారిలో ఎక్కడో ఆగి సాల చెట్టు ఆకుల దొప్పల్లో ధుస్కాలనే వేడివేడి బియ్యప్పిండి పూరీలు, ఖర్జూరపు బెల్లం కొనిపెట్టేవాళ్ళు. వెనక చిన్న లారీలో ఆడవాళ్ళూ, మిగతా పిల్లలూ, గిన్నెలూ వచ్చేవి. మైదానంలో గుడ్డ పరిచి అమ్మ మినపరొట్టె, పులిహోర, కోడికూర, బెల్లం గవ్వలు విప్పేసరికి రాంచీవాళ్ళు కూడా ఏదో వంకతో మా గుడ్డ చుట్టూ తిరిగేవారు. మా పిల్లలకి ఒక ఆట ఉండేది. కళ్ళు మూసుకుని, వచ్చే బండి ఎవరిదో చప్పుణ్ణి బట్టి చెప్పాలి. నేను మిగతావన్నీ తప్పినా నాన్న బండి తప్పేదాన్ని కాదు. దాని గొంతులో చిన్న దగ్గు ఉండేది.

ఇక ఎర్ర రేకు. కార్ఖానాలో ఎవరైనా మిషను లోపలికి దిగి పనిచేయాలంటే, బయట స్విచ్చుకి తన పేరున్న ఎర్ర రేకు తగిలించి దిగాలి. రేకు వేలాడుతున్నంతసేపూ ఆ స్విచ్చు వేయకూడదు. తగిలించినవాడే తీయాలి, ఇంకెవరూ ముట్టకూడదు. మర్చిపోయి ఇంటికి పోయినా సరే, మనిషిని పంపి వెనక్కి పిలిపించి అతని చేత్తోనే తీయిస్తారు. ఇంకొకడి ప్రాణం దాని మీద ఉంటుంది కాబట్టి వాళ్ళకది దేవుడి గది గడపంత నియమం. నాన్న ఇంటి దగ్గర కూడా అది మానలేదు. డబ్బా రేకు కత్తిరించి, ఎర్రరంగు వేసి, పైన హిందీలో 'కామ్ చాలూ హై' అనీ కింద తెలుగులో అప్పలసూరి అనీ రాసుకున్నాడు. బండి విప్పినప్పుడల్లా దాన్ని కిక్కు రాడ్డుకి తీగతో కట్టేవాడు. పిల్లలు తొక్కితే వేళ్ళు పోతాయని ఆయన భయం.

నాకు పదేళ్ళప్పుడు, మేళా దగ్గర పడుతుందనగా, నాన్న బండి విప్పి రేకు కట్టాడు. సాయంత్రానికి చలిజ్వరం తగిలింది. మెదడుకెక్కే మలేరియా మా వైపు కొత్తేమీ కాదు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, నాన్న తిరిగి రాలేదు. ఇంతకంటే ఆ రోజుల గురించి నాకేమీ గుర్తులేదు. గుర్తున్నదల్లా, జనమంతా వెళ్ళిపోయాక వాకిట్లోకి వెళ్తే బండికి ఆ రేకు ఇంకా వేలాడుతోంది. కామ్ చాలూ హై. పని జరుగుతోంది. బడిలో హిందీ బాగా చదివేదాన్ని కదా, చదివి నమ్మేశాను. కట్టినవాడే తీయాలి, కాబట్టి నాన్న రావాలి. పెద్దవాళ్ళు ఏడుస్తున్నారంటే వాళ్ళకి రూలు తెలియదనుకున్నాను.

సాయంత్రాలు బడి నుంచి వచ్చి ట్యాంకుకి చెవి ఆనించేదాన్ని. పగలంతా ఎండకు కాగిన ట్యాంకు చల్లబడుతూ లోపల టిక్కు టిక్కుమనేది. అది ఇనుము చల్లారే చప్పుడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం లోపల నాన్న రెంచీతో ఏదో బిగిస్తున్నాడని నాకు గట్టి నమ్మకం. అమ్మ ఒకసారి నన్నలా చూసింది. కోప్పడుతుందనుకుంటే, పక్కన కూర్చుని తనూ చెవి పెట్టింది. ఆవిడకేం వినిపించిందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

మరుసటి ఏడు మేళాకి ముందు బండ్లవాళ్ళంతా మా వాకిట్లోకి వచ్చారు. అప్పలసూరి బండి లేకుండా వరస ఎలా కడతామని వాళ్ళ బాధ. తవిటయ్య మావయ్య కూర్చుని విప్పిన భాగాలన్నీ కడిగి బిగించాడు, పెట్రోలు పోశాడు. ఇంక కిక్కు కొట్టడమే తరువాయి అన్నప్పుడు రేకు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఆడు కట్టేడు. ఆడే ఇప్పాల. మనవెలా ముడతాం?" అన్నాడు.

కట్టినవాడు దొరకనప్పుడు ఏం చేయాలో కూడా కార్ఖానాలో పద్ధతి ఉంది. పై అధికారి మిషను చుట్టూ తిరుగుతూ, పేరు పెట్టి గట్టిగా పిలవాలి. జవాబు రాకపోతే 'లోపల ఎవరూ లేరు' అని నలుగురి ముందూ చెప్పి, అప్పుడు తీయాలి. ఆ సంగతి వాకిట్లో ఉన్న మగవాళ్ళందరికీ తెలుసు. ఎవరో నెమ్మదిగా అన్నారు కూడా. మావయ్య తల అడ్డంగా ఊపాడు. కార్ఖానాలో నిప్పుల పక్కన నిలబడే మనుషులు ఒక మోటారు సైకిలు చుట్టూ నేలచూపులు చూస్తూ నిలబడ్డారు.

గుమ్మంలోంచి అమ్మ, "ఉండనీ అన్నయ్యా. ఎవులూ ముట్టొద్దు" అంది.

అలా బండిని రేకుతో సహా లారీ ఎక్కించారు. వరసలో దాని చోటు ఖాళీగా వదిలారు. మొదటి బండికీ మూడో బండికీ మధ్య, సరిగ్గా ఒక మోటారు సైకిలు పట్టేంత రోడ్డు. నేను లారీలోంచి ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. మలుపులో ముందు బండి కాస్త వంగితే, వెనక బండి కొంచెం ఆగి, మధ్యలో ఎవరికో దారిచ్చి అప్పుడు వంగేది. వెనకనుంచి దాటుకుపోయే లారీవాళ్ళు కూడా ఎందుకో ఆ సందులో దూరేవారు కాదు. కళ్ళు మూసుకుంటే ఆ దగ్గు వినిపించేది. ఒట్టు, ఇవాళ అడిగినా అదే చెప్తాను.

తర్వాత ఏటేటా అదే తంతు. మావయ్య వారం వారం వచ్చి, ఇంజను పట్టేయకుండా బండిని గేరులో వేసి ముందుకీ వెనక్కీ తోసేవాడు, ఆయిలు మార్చేవాడు, రేకు జోలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. రంగు వెలిసింది, అక్షరాలు మిగిలాయి. నేను చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఆ ఇంట్లోనే అమ్మతో ఉండిపోయాను. పొద్దుట ఆఫీసుకెళ్తూ బండి పక్కనుంచి పోయేటప్పుడు తిర్పాలు మీద ఒకసారి చెయ్యేసేదాన్ని. ఇంత వయసొచ్చి ఇదేం పిల్లతనమని నన్ను నేనే తిట్టుకునేదాన్ని, మళ్ళీ సాయంత్రం వేసేదాన్ని. ఈలోగా వరసలో ముందున్నాయనా వెనకున్నవాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళ బండ్లు కొడుకుల చేతికో, ఊరుగాని ఊళ్ళో కొన్నవాళ్ళ చేతికో పోయాయి.

ఇప్పుడు మేళా నడిపేవాళ్ళు కుర్రాళ్ళు. మొన్న డిసెంబరుకి వాళ్ళొక నియమం పెట్టారు. తన ఇంజనుతో తను నడిచివచ్చే బండికే వరసలో చోటు. లారీలో వచ్చేవి ఓ మూల తాడు కట్టి చూపిస్తారట. వాళ్ళ తప్పేం లేదు, ఆ ఖాళీ ఎవరిదో వాళ్ళకెవరు చెప్పారు గనక? బండి బాగోగులన్నీ మావయ్య దగ్గరే నేర్చుకున్న నా కొడుకు కిరణ్ మాత్రం పట్టు పట్టాడు.

"అమ్మమ్మా, అబ్ తో ఖోల్ దో" అన్నాడు. ఇప్పటికైనా విప్పమని. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట మాత్రం హిందీలోనే వస్తుంది.

అప్పుడు మావయ్య అన్నాడు. "సెల్లెమ్మా, ఆడితో పనిచేసినోల్లలో నానొక్కణ్ణే మిగిలేను. నాను కూడా పోతే ఆ కేక ఎయ్యాలని తెలిసినోడు ఉండడు. ఇంక ఆ రేకు అలగే ఉండిపోద్ది."

అమ్మ బండి వైపు చూసి, "సరే" అంది.

మేళా రోజు పొద్దున్న మా వాకిట్లో తిర్పాలు ఎత్తాం. మావయ్య స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని కర్రతో వచ్చాడు. నియమం ప్రకారం బండి చుట్టూ తిరిగాడు. ముందు చక్రం దగ్గర ఆగి పిలవబోయి మానేశాడు. మళ్ళీ తిరిగి మళ్ళీ ఆగాడు.

"నా వల్ల కాదు సెల్లెమ్మా. ఆడు పలికితే ఏటి సెయ్యాల?"

ఎవరూ నవ్వలేదు. నేను కూడా అదే ఆలోచిస్తున్నాను. పలకకపోతేనో?

అమ్మ మెట్టు దిగింది. ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ తన జన్మలో నాన్న పేరు పలకలేదు. మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదని ఆవిడ పట్టింపు. రేషను ఆఫీసులో అడిగినా, ఆస్పత్రిలో అడిగినా, నా వీపు మీద తట్టి నా చేత చెప్పించేది. ఆ మనిషి కొంగు నడుముకు దోపుకుని, బండి పక్కన వంగి, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"అప్పలసూరీ! లోపలున్నావేటయ్యా?"

వీధిలో పాలవాడి సైకిలు పోయింది. కిరణ్ నా చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి ఇంకా గట్టిగా పిలిచింది. ఆ పేరు ఆవిడ గొంతులో ఎంత కొత్తగా ఉందంటే, నాన్నకే అది తన పేరని తెలియదేమోనని భయం వేసింది నాకు. పలుకు నాన్నా, పలుకు అని లోపల్లోపల పదేళ్ళ పిల్లలా మొక్కుకున్నాను. అమ్మ ట్యాంకుకి చెవి ఆనించి అలాగే వింటూ ఉండిపోయింది. తర్వాత నిటారుగా నిలబడి, పై అధికారి నలుగురి ముందూ చెప్పాల్సిన మాట తనే మావయ్యకి చెప్పింది.

"నేరన్నయ్యా. లోపల ఎవులూ నేరు."

తీగ తుప్పు పట్టి ఉంది, అమ్మ వేళ్ళతోనే తిప్పి తిప్పి తెంపింది. కిరణ్ కిక్కు కొట్టాడు. కొంత మొరాయించి బండి అందుకుంది. నేను చెవులు రిక్కించాను. మంచి చప్పుడు, శుభ్రమైన చప్పుడు. అందులో దగ్గు లేదు.

మాంగో వంతెన మీద ఇప్పుడు పొగమంచు అంత చిక్కగా ఉండటం లేదు. ధుస్కాలు కాగితం ప్లేట్లలో ఇస్తున్నారు. లారీ లేదు, మేము కారులో వెనక వెళ్ళాం. మావయ్య ముందు సీట్లో నిద్రపోయాడు, అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ముందు వరసలో బండ్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరదగ్గరగా పోతున్నాయి. నా కళ్ళు అలవాటుగా మొదటి బండికీ మూడో బండికీ మధ్య వెతికాయి. ఇన్నేళ్ళూ నాన్న ఎక్కడని నా మనసు అడిగితే, అదిగో అని చూపించుకోవడానికి నాకక్కడ ఇంత రోడ్డు ఉండేది. ఇప్పుడు అక్కడ నా కొడుకున్నాడు, ఎంతో జాగ్రత్తగా, చక్కగా నడుపుతున్నాడు. వాణ్ణి చూసుకుని మురిసిపోవాల్సిన దాన్ని, మా నాన్న చచ్చిపోయాడని అప్పుడే తెలిసినట్టు, కారులో గట్టిగా ఏడ్చాను.